బట్టీ పక్కన బంగాళాదుంపలు

కొండ కింద అడవి అంచున జంతువులు చలికాలంలో బంగాళాదుంపలు వేసుకునేవి. మా వైపు వీటిని ఉర్లగడ్డలంటారు. ఎందుకంటారని కాలేజీలో మా లెక్చరర్‌ని అడిగితే, తెలుసుకుని చెప్తానని రిటైరైపోయాడు. ఆ సంగతలా ఉంచండి.

ఏదుపంది వెంగమ్మ మడి పక్కన ఆ ఏడు ఊరివాళ్ళు ఇటుక బట్టీ పెట్టారు. ఆ వెచ్చదనానికి దాని మొక్కలు నక్క చెవులు దాటి పెరిగాయి. కొండవాలులో చలిగాలి కొట్టే నక్క మడిలో మొక్కలు మాత్రం ముడుచుకుని కూర్చున్నాయి. నక్కకు కడుపు మండిపోయింది. నక్కకు దుంపలెందుకంటారా? ఏటి ఒడ్డు కోతులకిచ్చి పీతలు పట్టించుకుంటుంది.

"వెంగమ్మా, నీ గురించే దిగులమ్మా, నిద్ర పట్టడం లేదు," అంది నక్క, కళ్ళు తుడుచుకుంటూ.

"నా గురించా మామా? ఎవరైనా కోళ్ళగూటికి తాళం వేశారేమో అనుకున్నా."

"ఎగతాళి కాదే. ఆ బట్టీ వేడికి నీ పంట నాశనం. మొక్క మొక్కే ఉంటుంది, కింద ఒక్క దుంప ఊరదు."

వెంగమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "అయ్యో! వానలు పడేదాకా నా పిల్లలకి ఇదే కదా తిండి!"

"అందుకే నా మడి నువ్వు తీసుకో, నీది నాకివ్వు. ఒంటిగాణ్ణి, పస్తుంటే నాకేం?"

ఆ అడవిలో మడి మార్చుకోవాలంటే ఒకరి మడి మట్టి ఒకరు అడవికి పెద్దయిన ఎద్దు ఎదుట మింగాలి. మింగాక ఆ ఏటి పంటకి ఇక తిరుగులేదు.

ఎద్దు నెమరు ఆపి, "బాగా ఆలోచించుకున్నావా నక్కా?" అని అడిగింది.

"పరోపకారానికి ఆలోచనేమిటి తాతా!" అని నక్క ఇంత మట్టి గుటుక్కున మింగింది.

దుంపలు తీసే రోజొచ్చింది. వెంగమ్మ నేల తిరగేస్తే పిడికెడంత దుంపలు దొర్లాయి. నక్క తవ్వింది. వేళ్ళు. ఇంకా తవ్వింది. శనగగింజల్లాంటివి ఏవో కనిపించాయి.

రాత్రిళ్ళు చల్లబడితేనే ఆకు తయారుచేసిన తిండి కిందికి దిగి దుంపవుతుంది. బట్టీ వేడికి మొక్క ఆ తిండంతా ఒళ్ళు పెంచుకోవడానికే ఖర్చుపెట్టేసింది. నక్క చెప్పింది అక్షరాలా నిజం. అది నిజమని నక్కకే తెలియదు, పాపం.

"మోసం! నా మడి నాకిచ్చెయ్యండి!" అని అరవబోయింది. అంతలో వెంగమ్మ పిల్లలతో పరుగెత్తుకొచ్చి అందరి ముందూ దాని కాళ్ళ మీద పడింది. ముళ్ళు దిగి నక్క కెవ్వుమంది.

"చూశారా! తెలిసి తెలిసి పండని మడి తీసుకుని మా మామ నా పిల్లల్ని బతికించాడు!"

ఎద్దు నక్క కళ్ళలోకి చూసింది. "నిజంగా తెలిసే తీసుకున్నావా?"

తెలియదంటే ఆ రోజు అబద్ధమాడానని ఒప్పుకున్నట్టు. తెలుసంటే పస్తు.

"తెలిసే," అంది నక్క నీరసంగా.

కుందేళ్ళు చప్పట్లు కొట్టాయి. వచ్చే ఏడు కూడా బట్టీ పక్క మడి ఆ త్యాగమూర్తికే ఇవ్వాలని అడవంతా ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీతి: అబద్ధమాడేవాడు, అది నిజం కాదని ముందుగా రూఢి చేసుకోవాలి.