వెనక్కి తిరిగి పెట్టే దణ్ణం

పాట మధ్యలో గిటారు ఒక్కటే వాయించే సోలో అయిపోగానే నిరీక్షణరావు మాస్టారు ముందు వెనక్కి తిరిగేవారు. జనం చప్పట్లు కొడుతుంటే కొట్టనిచ్చి, ఎడమచేత్తో గిటారు మెడ పట్టుకుని, తీగలు మీటే పిక్ వేళ్ళ మధ్య ఉండగానే కుడిచెయ్యి నుదుటికి ఆనించి, వెనక కుర్చీలో కార్డ్స్ అనే స్వరాల గుత్తులు కొడుతూ తాళం నిలబెట్టే రిథమ్ గిటారు వాయించేవాడికి ఒక దణ్ణం పెట్టేవారు. ఆ తరవాతే జనం వైపు తిరిగేవారు. కాకినాడలో మా ఆర్కెస్ట్రాని ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరన్నది ఆయనకి పట్టేది కాదు. ఒకసారి నిన్నగాక మొన్న గిటారు పట్టినవాడు కూర్చుంటే వాడికీ పెట్టారు. వాడు కంగారుపడి పాట మధ్యలోనే లేచి నిలబడ్డాడు.

నేను అదే ట్రూపులో కీబోర్డు వాయించేవాణ్ణి. చాలా ఏళ్ళు ఆయన పక్కనే కూర్చున్నాను కాని ఆ దణ్ణం ఎందుకని ఎన్నడూ అడగలేదు. పెద్దవాళ్ళన్నాక ఏదో ఒక చాదస్తం ఉంటుంది లెమ్మని ఊరుకున్నాను. అడిగింది ఝాన్సీ.

ఝాన్సీ మాస్టారి శిష్యురాలు. పగలు ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం, సాయంత్రం జగన్నాథపురంలో ఆయన ఇంటి ముందుగదిలో క్లాసు. చెయ్యి మంచిదే. అయితే ఆ పిల్లకి కావలసింది ఒక్కటే, వేగం. వేళ్ళు కనబడకుండా తీగల మీద పరుగులు పెట్టేవాళ్ళని ఫోనులో చూసి రావడం, వచ్చి కూర్చోగానే "నా చేతికి స్పీడు ఎప్పుడొస్తుందండి మాస్టారూ?" అనడం. ఆయన తాళం కొలిచే మెట్రోనోమ్‌కి కీ ఇచ్చి బల్లమీద పెట్టేవారు. అది టక్కు టక్కుమంటూ ఉంటే గిటారు మెడ మీద ఒక్కో ఫ్రెట్ గడిలో ఒక్కో వేలు వరసగా వేస్తూ, పిక్ ఒకసారి కిందకీ ఒకసారి పైకీ కొడుతూ, ప్రతి స్వరం విడివిడిగా వినబడేట్టు వాయించమనేవారు. ఒక్క స్వరం మసకబారినా మళ్ళీ మొదటికి రావలసిందే. ఆ టక్కుకి ఝాన్సీ 'అత్తగారు' అని పేరు పెట్టింది. ఇంట్లో కూడా వాయించుకోమని ఆయన ఆ మెట్రోనోమ్‌ని ఆమెకే ఇచ్చేస్తే, "అయితే అత్తగారు నాతో కాపురానికి వచ్చేస్తోందన్నమాట" అని పట్టుకుపోయింది.

ఇలాంటి పిల్ల ఎదురైనప్పుడు పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని చెప్పి చేతులు దులుపుకోవడం మన ఇళ్ళల్లో మామూలే. మాస్టారు ఆ మాట కూడా అనేవారు కాదు. ఆయనకి పాలూ ఇష్టమే, పరుగూ ఇష్టమే. ఆ వయసులో కూడా ఆయన తలుచుకుంటే పై ఫ్రెట్‌ల నుంచి కిందకి స్వరాలు జలజలా రాలేవి. రాలిన ప్రతిదాన్నీ ఏరుకుని లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టంగా ఉండేవి.

ఒక సాయంత్రం క్లాసు అయ్యాక ఝాన్సీ అడిగేసింది.

"మాస్టారూ, కష్టపడి సోలో అంతా వాయించేది మీరు. వెనకాల ఎవరు కూర్చున్నా ఆ నాలుగు కార్డ్సే తిప్పి తిప్పి కొడతారు. మరి దణ్ణం వాళ్ళకెందుకండి?"

మాస్టారు గిటారు తీగలు గుడ్డతో తుడిచి పెట్టారు.

"వచ్చే ఆదివారం పెళ్ళి రిసెప్షన్ ఉంది కదా. లీడ్ నువ్వు వాయించమ్మా. వెనకాల నేను కూచుంటాను" అన్నారు.

ఝాన్సీ తన ప్రశ్న అక్కడికక్కడే మరిచిపోయింది. ఎందుకు మరిచిపోదు? ట్రూపు నడిపే పాపారావు గారు లీడ్ గిటారుకి పడుచుచెయ్యి కావాలని అప్పటికే అంటూ ఉన్నారు. ఆ ఆదివారం మెప్పిస్తే ఆ సీటు ఆమెదే. మాస్టారికి మాత్రం స్టేజి తప్ప వేరే లోకం లేదు. భార్య పోయింది, పిల్లలు లేరు. ప్రోగ్రాం లేని వారం ఆయనకి అన్నం సయించేది కాదు. అలాంటి మనిషి తన కుర్చీ తనే జరుపుకుంటున్నారని నాకు బెంగగానే ఉండింది.

ఆదివారం మధ్యాహ్నం ఫంక్షన్ హాలు నిండిపోయింది. రెండు పాటలు బాగానే నడిచాయి. మూడో పాటలో చరణానికి ముందు పెద్ద సోలో. ఝాన్సీ ముందుకొచ్చి నిలబడింది. మొదట్లో అందంగా వాయించింది, ఒక తీగని మెల్లగా సాగదీసి వదిలితే ముందు వరసలో ముసలాయన ఒకాయన తల ఊపాడు కూడా. ఆ తలూపుడు చూసిందో ఏమో, ఇక పరుగు అందుకుంది. వేళ్ళు తాళాన్ని దాటేశాయి. ఒకచోట ఏకంగా రెండు దెబ్బలు మింగేసి, ఇంకా రావలసిన కార్డ్ మీదకి ముందే వెళ్ళి వాలింది.

మాస్టారు తన తాళంలోనే ఉండిపోతే ఆమె తప్పు హాలంతా వినబడేది. కన్నుమూసి తెరిచేలోగా ఆయన తన కార్డ్ వదిలేసి ఆమె వాలిన కార్డ్ మీదకి దూకారు. డ్రమ్స్ కుర్రాడు ఆయన చెయ్యి చూసుకుని తనూ దూకాడు, నేనూ దూకాను. ఆమె మళ్ళీ పరుగెత్తింది, మళ్ళీ వెంటవెళ్ళి పట్టారు. చివరికి తీగలమీద అరచెయ్యి అడ్డం పెట్టి ఒక దెబ్బ ఆపి, పాటని మళ్ళీ దారిలో పెట్టి గాయకుడి చేతికి ఇచ్చారు. ముందు గిటారు జలజలమంటుంటే వెనకాల తాళం గతుక్కుమంటే, వినేవాళ్ళు ఎవరిని అంటారు? ముందున్నవాళ్ళని మాత్రం అనరు. చప్పట్లు మోగిపోయాయి. ఝాన్సీ జనానికి వంగి నమస్కారం చేసింది. వెనక్కి తిరగలేదు.

భోజనాల దగ్గర పాపారావు గారు అందరూ వింటుండగానే అన్నారు. "అమ్మాయి అదరగొట్టేసిందండి బాబూ! మాస్టారికే చెయ్యి నిలవట్లేదు. వయసు మీద పడిందండి మరి, ఏం చేస్తాం. వచ్చే ప్రోగ్రాం నుంచి రిథమ్‌కి ఎవరైనా కుర్రాణ్ణి చూద్దాం."

మాస్టారు పెరుగు కలుపుకుంటూ, "అలాగేనండి" అన్నారు.

పక్కనే ఉన్న ఝాన్సీ ఆయన్ని ఓదార్చాలనుకుంది కాబోలు, "పర్లేదులెండి మాస్టారూ, అక్కడ మీరు కొంచెం తడబడ్డారు కాని నేను సర్దుకున్నాను" అంది.

నేను ముద్ద వదిలేసి నోరు తెరవబోయాను. మాస్టారు నా వైపు ఒక్క చూపు చూశారు. ఆ చూపుని కాదని మాట్లాడే ధైర్యం నాకు లేదు. మజ్జిగ తాగి ఊరుకున్నాను, మంట మాత్రం చల్లారలేదు.

ఆ సోలోని ఝాన్సీ తమ్ముడు ఫోనులో వీడియో తీశాడు. ఆమె దాన్ని చూసుకుని మురిసిపోయింది, ల్యాబ్‌లో అందరికీ చూపించింది. ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే ఆమెకి ఒక బుద్ధి పుట్టింది. ఇంతకీ తను ఎంత స్పీడు అందుకుందో కొలుచుకోవాలని వీడియో పెట్టి, పాట మొదలుకి సరిపోయేట్టు మెట్రోనోమ్ సర్ది వదిలింది. పల్లవి అంతా ఆ టక్కూ, మాస్టారి స్ట్రోకూ ఒకదానిమీద ఒకటి పడి, టక్కు ఉన్నట్టే తెలియలేదు. సోలో మొదలైన కాసేపటికి టక్కు విడిపోయింది. స్ప్రింగు వదులైందనుకుని మళ్ళీ కీ ఇచ్చి మొదటి నుంచీ పెట్టింది. మళ్ళీ అక్కడే విడిపోయింది. మూడోసారి ఆమె తన గిటారు వినడం మానేసి వెనకాల గిటారుని వింది. ఆ పాటలో వెనకాల గిటారుని వినడం ఆమెకి అదే మొదటిసారి. తను ఎక్కడ తప్పిపోయిందో, ఆ చెయ్యి ఎక్కడెక్కడికి వచ్చి తనని పట్టుకుందో, ఒక్కొక్క చోటే వినబడింది. ఆ రోజు ల్యాబ్‌కి వెళ్ళలేదని తరవాత నాతో చెప్పింది.

నేను పాపారావు గారి సౌండ్ సిస్టమ్ షాపులో టీ తాగుతుండగా ఝాన్సీ వచ్చింది. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో మెట్రోనోమ్. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. రెండూ బల్లమీద పెట్టి వినిపించింది.

"ఆ రోజు తప్పింది మాస్టారు కాదండి, నేను. ఆయన నా తప్పు మీదేసుకున్నారు."

పాపారావు గారు మనిషి కాస్త దురుసే కాని చెడ్డవారు కాదు. రెండుసార్లు విని, టీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఇది నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు కదమ్మా. లీడ్ సీటు నీకొచ్చేసినట్టే. ఎందుకు చెప్పావు?"

"చెప్పకపోతే ఇంక వాయించలేనండి" అంది ఝాన్సీ. "లీడ్ మాస్టారికే ఉంచండి. ఒప్పుకుంటే నేను వెనకాల కూచుంటాను. లేదంటే మానేస్తాను."

ఆయన తల గోక్కున్నారు. "ఎవరు ఎక్కడ కూచోవాలో ఆయన్నే తేల్చమను. చెవులుండీ వినబడని వెధవని నేనని కూడా నా మాటగా చెప్పు. కొత్త కుర్రాడూ అక్కర్లేదు, గిర్రాడూ అక్కర్లేదు."

సాయంత్రం నేనూ ఆమెతో మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన గిటారుకి కొత్త తీగలు వేస్తున్నారు. ఝాన్సీ వంగి ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన కంగారుగా కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. నేనే జరిగింది చెప్పాను. ఆ పిల్ల తన సీటు తనే వదులుకుని వచ్చిందనీ, ఎవరెక్కడ కూచోవాలో ఆయనే తేల్చాలనీ కూడా చెప్పాను.

మాస్టారు తీగని బిగించి, మీటి చూసి, "ఆదివారం లీడ్ నువ్వే" అన్నారు. "నేను వెనకాలే. కూర్చోవడానికి హాయిగా ఉంది."

"ఎందుకు చెప్పలేదండి నాకు? అందరి ముందూ మిమ్మల్ని నేను కూడా అన్నాను కదండీ!" అని ఏడ్చేసింది ఝాన్సీ.

ఆయన ఆ తీగ శృతి ఇంకొంచెం సరిచేశారు.

"నా మొదటి సోలో కూడా ఇలాగే పరుగెత్తిందమ్మా. వెనకాల జకరయ్య గారని ఒకాయన పట్టారు. జకరయ్య తాళం తప్పాడని ఊరంతా అన్నారు. నేనూ అన్నాను."

ఆయన పాత తీగని చుట్టచుట్టి పక్కన పెట్టారు.

"ఎప్పటికో ఆ రోజు కేసెట్టు చేతికొస్తే పెట్టుకుని విన్నాను. అప్పుడు వినబడింది. అప్పటికి ఆయన పోయి చాలా ఏళ్ళు." మాస్టారు గిటారు తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. "నీకు వారం తిరక్కుండానే వినబడింది. స్పీడు ఎప్పుడొస్తుందని ఇంక నన్ను అడక్కు."