గోడలో ఏడుపు

చలి మొదలైన వారానికి మాలకొండ కోటగోడ మూలగసాగింది. చెవి ఆనిస్తే లోపల వందల గొంతులు ఒక్కసారే ఏడుస్తున్నట్టుండేది.

"గోడలో పిశాచముంది. తల్లికి ఒక్కతే అయిన ఆడపిల్లను బలి కోరుతోంది," అన్నాడు మాంత్రికుడు భైరవయ్య రాజుతో. భటులు వెళ్లి, కుండల్లో తేనెటీగలు పెంచే పోలవ్వ కూతురు గురివిని పట్టుకొచ్చారు.

వెనకే పరుగెత్తుకొచ్చిన పోలవ్వ గోడకు చెవి పెట్టి వింది. "ఈ ఏడుపు ఎప్పటినుంచి, దొరా?"

"భైరవయ్య స్వామి ఈ గోడ పగులులో శూలం గుచ్చి పూజ చేసినప్పటినుంచి," అన్నాడు రాజు.

"పొద్దు వాలేలోగా నేను ఆపుతాను. ఆపలేకపోతే ఇద్దరినీ బలివ్వండి."

ఆమె ఇంటికి వెళ్లి, మూతికి పలుచని గుడ్డ కట్టిన వెదురుగొట్టం తెచ్చి పగులులోకి దూర్చింది. కాసేపటికి ఏడుపు సన్నగిల్లి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దానికి భటులు మరింత భయపడ్డారు.

"ఏమిచ్చావే దానికి?" అన్నాడు రాజు.

"తల్లిని ఇచ్చాను దొరా. లోపలున్నవి తేనెటీగలు. శూలం పోటుకు వాటి తల్లి ఈగ చచ్చింది. తల్లి లేకుండా అవి చలికాలం దాటవు, అందుకే ఏడ్చాయి."

"అబద్ధం! అది పిశాచమే, నా మాటే వింటుంది," అని అరిచాడు భైరవయ్య.

"అయితే ఆ పగులులో చెయ్యిపెట్టి చెప్పండి స్వామీ."

భైరవయ్య చేతులు శాలువాలోకి వెళ్లిపోయాయి. రాజు గురివిని వదిలేశాడు.

తల్లీకూతుళ్లు ఇల్లు చేరేసరికి, చూరు కింద ఒక కుండ మూలుగుతోంది.

"వీటి తల్లినేగా ఇచ్చేశావు, అమ్మా?"

"అవునే. రేపే వీటిని తల్లి ఉన్న పక్క కుండలో కలిపేద్దాం."

తల్లి చేతిని గురివి వదల్లేదు.