ఏలినవారి ముక్కు, పెరటి కుండ

వికారి నామ సంవత్సరం, ఎండలు ముదిరిన వైశాఖ మాసం. ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయుడనే రాజు తన ముక్కును చూసుకుని మురిసిపోతూ కాలం గడుపుతున్నాడు. పునుగేదో జవ్వాదేదో ఆమడ దూరం నుంచే పసిగట్టగలనని ఆయన నమ్మకం. ఆస్థాన పండితుడు ఆ ముక్కు మీద నూరు పద్యాలు రాసి అగ్రహారం కొట్టేశాడు. మిగిలిన సభ తలలూపి జీతాలు పుచ్చుకునేది.

ఆ వేసవిలో కోటలో కంపు మొదలైంది. జనం పెరటి కుండల్లో కూర తొక్కులు మాగబెట్టి మొక్కలకు వేస్తున్నారనీ, కంపంతా అక్కడిదేననీ మంత్రి కూర్చున్న చోటి నుంచి కదలకుండా తేల్చేశాడు. తొక్కులన్నీ బండ్లకెత్తి కోటగోడ వెనక, వంటశాల చెత్త పోసే గుంటలో పోయాలనీ, కుండ దొరికిన ఇంటివాళ్లు సాయంత్రంలోగా కోట విడిచిపోవాలనీ చాటింపు వేయించాడు. గుంట నిండేకొద్దీ కంపు పెరిగింది. కంపు పెరిగేకొద్దీ తలారులు మరిన్ని పెరళ్లలో పడి కుండలు పగలగొట్టారు.

చివరికి రాజుకు తమలపాకులు చుట్టి ఇచ్చే బూచన ఇంటికీ వచ్చారు. పగలగొట్టగా ఒక్క కుండ మిగిలింది. భార్య పోలసాని నిండు నెలల మనిషి. ఆ ఎండలో ఆమెను ఎక్కడికి నడిపించాలో బూచనకు తోచలేదు. ఒళ్లు మాత్రం మండిపోయింది. మిగిలిన కుండకు గుడ్డ కట్టి, నెత్తిన పెట్టుకుని సభకు పోయాడు.

"చెత్త పట్టుకుని సభకొచ్చావేంరా?" అన్నాడు మంత్రి.

"సభకు నేను కొత్తగా తెచ్చిందేమీ లేదు స్వామీ."

రాజు మీసం మాటున నవ్వాడు. అదే అదనుగా బూచన చేతులు కట్టుకుని, తనకు మంత్రి తీర్పు చాలదనీ, ఏలినవారి ముక్కు తీర్పే కావాలనీ విన్నవించుకున్నాడు. గుంటలో వంటశాలవాళ్లు పారబోసిందే ఒక కుండెడు తెమ్మని వంటశాల పెద్ద సూరనను వేడుకున్నాడు. సూరన తెచ్చిన కుండ అడుగున అతని చేతే సున్నపు బొట్టు పెట్టించి, గుడ్డ కట్టించి, రెండు కుండలనూ అటూ ఇటూ మార్పించాడు.

"ఒకటి మా ఇంటిది, ఒకటి తమ వంటశాలది. ఏది ఎవరిదో తమరే సెలవియ్యాలి."

ఉద్దండరాయుడు మొదటి కుండ గుడ్డ తొలగించి, వాసన చూసి, వెనక్కి తూలాడు. కళ్లు తుడుచుకుంటూ ఇది బూచన ఇంటి కంపేనన్నాడు. రెండో కుండ మీదికి వంగి చాలాసేపు లేవలేదు. తొలకరికి తడిసిన నేల వాసన అది.

"ఇదీ రాజవంటశాల అంటే. ఈ ఇంట చెత్తకు కూడా కులీనత ఉంటుంది," అన్నాడు.

పండితుడు నూటొకటో పద్యం అందుకున్నాడు. అది ముగిసేదాకా ఓపిక పట్టి, బూచన మొదటి కుండను పక్కకు ఒంచాడు. అడుగున సున్నపు బొట్టు. నేతి అరిసెలు, మాంసం, తడి విస్తళ్లు కలిసి కుళ్లిన కుండ అది. సూరన తలొంచుకుని అది తనదేనని ఒప్పుకున్నాడు.

"మా ఆవిడ దోసెడు తొక్కులకు దోసెడు ఎండుటాకులు, పైన గుప్పెడు మన్ను వేస్తుంది. ఆమెకు పద్యాలు రావు," అన్నాడు బూచన. "కంపు కొట్టే ఇల్లు సాయంత్రంలోగా కోట విడవాలన్నారు. తమ ముక్కు తప్పంటే నా తల పోతుంది, అనను. మరి తమ వంటశాలను ఏ ఊరికి పంపిస్తారో సెలవియ్యండి."

ఉద్దండరాయుడు మంత్రిని చూశాడు, పండితుణ్ణి చూశాడు. ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. రాజు పకపకా నవ్వేశాడు. అంతమంది ముందు ఇంకేం చేస్తాడు? మెడలో హారం తీసి బూచనకు వేశాడు. చాటింపు రద్దు చేసి, గుంట పూడ్చే పని మంత్రికి అప్పగించాడు.

అప్పటికే కోటలో మూడు వందల కుండలు పగిలాయి. ఎరువు లేక కూరపాదులన్నీ మాడిపోయాయి. వానలు పడేదాకా జనం చింతపండు చారుతోనే అన్నం తిన్నారు.