బుచ్చెమ్మ చిల్లు గరిటె

ప్రమాదీచ నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ సప్తమి, గురువారం. తెల్లవారింది మొదలు ఒకటే ముసురు. వేగులపాడు కోటలో పట్టపగలే చీకటి కమ్మింది. కొలువుకూటంలో రాజుగారి గద్దెకు అటూ ఇటూ నిలువెత్తు కుందులు వెలిగించారు. ఒక్కొక్క కుంది సోలెడు నూనె తాగుతుంది. ఈ వానా ఈ నూనే ఎందుకయ్యా అంటారేమో, తరవాత వీటితో పనుంది.

రాజు జగ్గభూపతి ఆ రోజు తీర్చవలసిన తగవు ఒక్కటే. ఆయనను ఎత్తుకుని పెంచిన దాది బుచ్చెమ్మ పదిహేను రోజుల కిందట కన్నుమూసింది. పోతూ పోతూ ఆయన చెయ్యి పట్టుకుని, "నా పొదుపు ఎవరికి అబ్బిందో చూసి, నా ఇల్లూ, ఆవూ, నూతి కింద మడిచెక్కా వాళ్ళకియ్యి నాయనా" అంది.

నాకంటే నాకని వచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకడు బుచ్చెమ్మ మేనల్లుడు సూరప్ప. కోటలో వినోదాలు ఏర్పాటు చేయడం వాడి ఉద్యోగం. జరీ అంచు లేని బట్ట ఒంటికి తగలనివ్వడు. రెండో మనిషి చిలకమ్మ. నా అనేవాళ్ళు లేక, పదకొండేళ్ళుగా బుచ్చెమ్మ దగ్గరే ఉండి ఆమెకు సేవ చేసింది. సాయంత్రంలోగా ఇల్లు ఖాళీ చెయ్యమని సూరప్ప అప్పుడే ఆమెకు చెప్పేశాడు కూడా.

రాజుగారికి సరదా పుట్టింది.

"ఎవరి పొదుపు వాళ్ళు చెప్పండి. ఎవరి అలవాట్లు విడ్డూరంగా ఉంటే వాళ్ళదే ఇల్లు!"

పక్కనే తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ తిప్పన్న బెంగగా చిలకమ్మ వైపు చూశాడు. చిలకమ్మ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. ఆమె చేసే బీరకాయ పొట్టు పచ్చడి తిన్నవాడు గనక ఆమె పొదుపేమిటో తిప్పన్నకు తెలుసు. పచ్చడంటే గుర్తొచ్చింది, బీరపొట్టు నువ్వులతో నూరాలి. కొబ్బరితో నూరేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ ఖర్మ. సరే, కొలువులోకి వద్దాం.

సూరప్ప కుంది పక్కకు వచ్చి నిలబడి మీసం సర్దుకున్నాడు.

"ఒరే, వత్తులు ఎగదొయ్యండిరా! ప్రభువులకు నా మొహం కనబడొద్దూ?"

ఎగదోశారు. వాడు మొదలుపెట్టాడు.

"ప్రభూ, మా అత్త చింతపండు ఒక్కసారి పిసికి పారేసేది కాదు. మొదటి రసం పులుసుకి, రెండోది చారుకి, మిగిలిన పిప్పి ఇత్తడి చెంబులు తోమడానికి. నేనూ అంతే!"

"భేష్" అన్నారు రాజుగారు.

"నూనె గరిటెకు అడుగున చిల్లు పొడిచింది ప్రభూ! కుండలోంచి తీసి మూకుట్లో పోసేలోగా సగం నూనె మళ్ళీ కుండలోకే కారిపోతుంది. నేనూ అంతే!"

కొలువంతా ఘొల్లుమంది.

అంతలో వాన తెరిపి ఇచ్చింది. పై కిటికీల్లోంచి ఎండ ధారగా వచ్చి గద్దె ముందు పడింది. వత్తులు తగ్గించడానికి దీపాలవాడు కదిలాడు. తిప్పన్న కనుసైగతో వాణ్ణి ఆపేశాడు.

"ఇంకేముంది, తేలిపోయింది" అన్నారు రాజుగారు ఆవులిస్తూ. "ఇల్లు సూరప్ప..."

"తాంబూలం ప్రభూ!" అంటూ తిప్పన్న పెద్ద తమలపాకుల చుట్ట ఒకటి అందించాడు. నోరు నిండితే తీర్పెలా చెబుతారు? "ఇది నమిలేలోగా ఇంకొక్క అలవాటు విందాం. సూరప్పగారు చెబుతుంటే ఎంతసేపైనా వినబుద్ధేస్తోంది."

సూరప్ప ఉబ్బిపోయాడు.

"చీర చిరిగితే బొంత. బొంత చిరిగితే మసిగుడ్డ. మసిగుడ్డ చిరిగితే దీపానికి వత్తి! ఆ దీపంలో నూనె బొట్టు వృథా అయితే ప్రాణం పోయినట్టు విలవిల్లాడేది. నేనూ అంతే!"

చిలకమ్మ రాజుగారిని చూడటం లేదు. సూరప్ప మాట వినడం లేదు. ఆమె చూపంతా కుందుల మీదే ఉంది. చేతులు కొంగును నలిపేస్తున్నాయి. ఇక ఉండబట్టలేకపోయింది. భటులను తోసుకుని గద్దె దాకా వచ్చి, ఈ కుందిలో వత్తులు వెనక్కి లాగి నూనెలో ముంచింది. ఆ కుందిలోవీ ముంచింది. వేళ్ళకంటిన నూనె తలకు రాసుకుంది.

అప్పుడు గాని తానెక్కడుందో ఆమెకు గుర్తు రాలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

"అపశకునం!" అని అరిచాడు సూరప్ప. "కొలువు దీపం ఆర్పేసింది! దీన్ని పొలిమేర దాటించండి ప్రభూ!"

రాజుగారు తాంబూలాన్ని ఓ దవడకు నెట్టారు. "ఏమిటమ్మా ఈ పని?"

"ఎండొచ్చింది బాబూ..." చిలకమ్మ తడబడింది. "నూనె... దండగ..."

తిప్పన్న పెట్టె కింద పెట్టి చేతులు జోడించాడు.

"దీపాలవాణ్ణి ఆపింది నేనే ప్రభూ, తప్పు కాయండి. ఎండలో దీపాలు మండుతుంటే సూరప్పగారు వాటి పక్కనే నిలబడి పొదుపు గురించి చెబుతున్నారు. నాదొక్కటే ప్రశ్న. బుచ్చెమ్మగారే ఇక్కడుంటే, ఉపన్యాసం చెప్పేవారా, ముందు వత్తి తగ్గించేవారా?"

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు.

"నా చెవి మెలేసి, నాచేతే తగ్గించేది!"

తీర్పు అక్కడే అయిపోయింది. ఇల్లు చిలకమ్మకు. ఆవూ, మడిచెక్కా చిలకమ్మకే. రాజుగారి చెవుల ముత్యాల పోగులు తిప్పన్నకు.

తల వేలాడేసిన సూరప్పను చూసి రాజుగారికి జాలేసింది. "ఎంతైనా మేనల్లుడు. గుర్తుగా ఆ చిల్లు గరిటె అయినా వీడికివ్వమ్మా."

చిలకమ్మ మొదటిసారి తడబడకుండా మాట్లాడింది.

"అదెలా కుదురుతుంది బాబూ? రోజూ వాడుతున్నాను!"

కొలువు నవ్వులతో హోరెత్తింది. సూరప్పకు గరిటె కూడా దక్కలేదు.