మెట్టచేలో పల్లకీ

వెనకటికి గజాననరావు అనే దివాణం పేష్కారు ఒక ఆజ్ఞ వేశాడు. "గింజలన్నీ ఒకే లోతున పడాలి. విత్తే గొర్రు పట్టినవాళ్లు చెయ్యి నొక్కకూడదు, ఎత్తకూడదు. మీరితే చేను జప్తు!"

సన్నేసమ్మ చేనంతా మిట్టపల్లాలు. చెయ్యి కదపకపోతే మిట్టల్లో గింజ లోతుకు దిగి మొలవదు, పల్లాల్లో పైపైనే పడి పిట్టల పాలవుతుంది. కదిపితే చేనే పోతుంది. ఆమెకు ఏడాది తిండి ఆ జొన్నలే.

విత్తే పొద్దున పేష్కారు పల్లకీలో గట్టు మీదికి వచ్చాడు.

"ఏమే, చెయ్యి కదుపుతున్నావా?"

"ఎంతమాట బాబూ! ఆ ఆజ్ఞ నాకొక్కదానికేనా, చేలో దిగినవాళ్లందరికీనా?"

"అందరికీ! దివాణం మాటంటే ఆటలా?"

"అయితే లోపలికి దయచేసి మీరే చూసుకోండి."

పల్లకీ చేలోకి దిగింది. పల్లం రాగానే ముందున్న బోయీలు అలవాటుగా భుజం మీది దండె పైకెత్తబోయారు.

"ఎత్తకండన్నా!" అని అరిచింది సన్నేసమ్మ. "మీ చేలూ జప్తవుతాయి. ఇప్పుడేగా బాబుగారు సెలవిచ్చారు!"

చేలున్న బోయీలు భుజాలు బిగించేశారు. పల్లకీ ముందుకు ఒరిగింది. తలపాగా ముందూ తాను వెనకా పేష్కారు జారి, దుక్కి మన్నులో బోర్లా పడ్డాడు.

"గాడిదల్లారా! నేలను బట్టి ఎత్తాలనీ దించాలనీ తెలీదట్రా?"

"విన్నారుగా అన్నా, ఆజ్ఞ మారింది" అంటూ సన్నేసమ్మ గొర్రు పిడిని గట్టిగా నొక్కి, ఎద్దుల్ని అదిలించింది.

పేష్కారు కాదనబోయి, మళ్లీ అదే పల్లకీ ఎక్కాలని గుర్తొచ్చి, మీసాల మన్ను దులుపుకున్నాడు.