చూపువాకిలికి ఆ పేరెలా వచ్చింది

మా పాతూరు కంచర వీధికి వచ్చేవాళ్లు ఆటో దిగగానే తలెత్తి చూస్తారు. వీధి చివర పొడుగాటి మేడ ఉంటుంది. కింది భాగం మా పెంకుటిళ్ల ఎత్తులోనే ఉంటుంది. ముందు అరుగులు కూడా ఉన్నాయి, ఎవరైనా కూచోవచ్చు, ఎవరూ లెమ్మనరు. పైకి పోయేకొద్దీ మేడ సన్నబడుతుంది. నడుమ ఒక అంతస్తుకి గోడల్లేవు. స్తంభాలు, గాలి, అంతే. దానిగుండా వెనకున్న వెలుగుతల్లి కొండ కనపడుతుంది. బోర్డు మీద ఇన్నోవేషన్ హబ్ అని రాసుంటుంది. ఆ పేరు చెబితే ఆటోవాళ్లు ఎక్కడని మళ్లీ అడుగుతారు. చూపువాకిలి అంటే తిన్నగా తెచ్చి దింపుతారు.

పూర్వం ఇక్కడ అని మొదలుపెడితే చాలా వెనకటి మాట అనుకుంటారు. మేడ సంగతి అంత పాతది కాదు, చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. దీపం సంగతి మాత్రం బాగా పాతది.

కొండ మీద అమ్మవారి ముందు రోజూ పొద్దుగూకే వేళకి పెద్ద ఇత్తడి ప్రమిదలో దీపం పెడతారు. ఆ ప్రమిద మా కంచర వీధిలో చేసిందే. ఆ దారిలో వెనక ఎలుగుబంట్లు తిరిగేవి. నూనె పట్టుకుని వీధిలోంచి ఒకరు ఎక్కేవారు. దీపం వెలిగిందంటే ఎక్కినాయన క్షేమంగా చేరినట్టు. మన కోసం ఒక మనిషి కొండెక్కుతుంటే మనం ముందే ఎలా తింటామని, వీధి మొత్తం దీపం చూశాకే అన్నం తినేది.

తరవాత్తరవాత చాలా ఇళ్లలో అది పోయింది. సింహాద్రమ్మ గారు ఒక్కరే మానలేదు. వాళ్లాయన బతికున్నన్నాళ్లూ ఆ దీపం పెట్టింది ఆయనే. ఆయన పోయాక ఎవరు పెట్టినా సరే, ఆవిడ గడపలో కూచుని, వెలుగు చూసి, దండం పెట్టుకున్నాకే పళ్లెం ముందుకి వెళ్లేవారు. మోకాళ్లు పట్టేసి కొండెక్కలేరు. ఆవిడకి గుడన్నా ఆ గడపే.

అలా ఉండగా వీధి చివర మూతపడిన ఇత్తడి గోదాము స్థలం దాలినాయుడు గారు కొన్నారు. చదువుకున్న పిల్లలు కొత్త కొత్త యంత్రాలు కనిపెట్టుకునే చోటు కడతామన్నారు. మేడ గీసే పని హైమావతి గారు ఒప్పుకున్నారు. పాతూళ్లో కడుతున్నాం కాబట్టి ముందు పాతూరివాళ్లకి చూపించాలని, థర్మకోలుతో మేడ బొమ్మ చేయించి, సాయంత్రం పూట వీధి మధ్యలో బల్ల వేసి దాని మీద పెట్టారు.

మావాళ్లకి బొమ్మంటే ఏం తెలుసు? బల్ల మీద పెట్టారు కాబట్టి పూజకే అనుకున్నారు. ఒకరు పసుపు రాశారు, ఒకరు బొట్లు పెట్టారు. ఇంకొకరు కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు మేడ నెత్తి మీద చల్లారు. హైమావతి గారు "అయ్యో, తడవకూడదండీ!" అని కొంగుతో తుడవడానికి పరిగెత్తారు. "కొత్తింటికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగమ్మా" అని అందరూ నవ్వారు.

ఈ సందట్లో సింహాద్రమ్మ గారు గడపలోంచి కేకేశారు.

"అమ్మీ, నీ మేడ కొంచెం పక్కకి జరుపే. దీపం అగుపడ్డం నేదు."

హైమావతి గారు సరేనని బల్ల పక్కకి లాగారు. కొండ మీద దీపం కనపడింది. ముసలావిడ దండం పెట్టుకుని లోపలికి వెళ్లబోయారు. హైమావతి గారు మాత్రం బల్ల పట్టుకుని అలాగే నిలబడిపోయారు. బొమ్మని జరిపారు. అసలు మేడ లేచాక ఎవరు జరుపుతారు?

"పెద్దమ్మా, ఒక్క నిమిషం కూచోండి" అని బల్ల మళ్లీ ముందున్న చోటికే తోశారు. బ్లేడు తీసి బొమ్మ నడుములో కోయడం మొదలుపెట్టారు.

"ఇప్పుడు?"

"నేదు. ఇంకొంచెం పైకి."

"ఇప్పుడు?"

"ఆఁ! వచ్చింది తల్లీ!"

మేడ నడుమ ఖాళీ వదలమని అమ్మవారే హైమావతి గారికి కలలో చెప్పిందని కొందరంటారు. ఆవిడని అడిగితే కలేమీ రాలేదండీ, సింహాద్రమ్మ గారు గడపలోంచి చెప్పారు అంటారు. తరవాత గాలిబుడగకి దారం కట్టి గోదాము మీదకి ఎగరేసి, ఏ ఎత్తులో అడ్డొస్తుందో ప్రతి ఇంటి గడపలోనూ చూసుకున్నారు. నుంచుని కాదు, కూచుని. మా వీధివాళ్లు దీపం కోసం కూచునే చూస్తారు కదా.

ఆ ఎత్తులో ఒక అంతస్తు ఖాళీగా వదలాలంటే దాలినాయుడు గారు ఒప్పుకోలేదు. ఆ అంతస్తులో ఎంతమంది పిల్లలు పనిచేసుకోవచ్చు అన్నారు. ఆయన మాటా తప్పు కాదు. హైమావతి గారు ఆయన్ని కంచర వీధికి తీసుకొచ్చారు. ఆ సాయంత్రం మబ్బు పట్టి సన్నగా వాన. సింహాద్రమ్మ గారి అరుగు మీదే కూచుని ఆయన అన్నారు:

"మధ్యలో ఖాళీ వదిలితే మేడ పళ్లూడిన నోరులా ఉంటాదమ్మా."

"నాకూ పళ్లు నేవు బాబూ. అన్నం తింటన్నాను కదా" అన్నారావిడ. దాలినాయుడు గారు కూడా నవ్వేశారు.

చీకటి పడింది. కోడలు ఆయనకీ అత్తగారికీ అన్నం తెచ్చి పెట్టింది. కొండ మబ్బులో ఉండిపోయింది, దీపం లేదు. ఆవిడ పళ్లెం మీద మూత పెట్టి పక్కకి జరిపారు.

"తినరా?"

"నువ్వు తిను బాబూ. దీపం అగుపడనీ, నాను తింటాను."

"ఈ రోజు అగుపడకపోతే?"

"రేపగుపిస్తాది. కొండెక్కడికి పోతాది?"

దాలినాయుడు గారు చేతిలో ముద్ద పళ్లెంలోనే వదిలేశారు. మబ్బు రేపటికి పోతుంది. తన మేడ పోదు. ఆయన ఆ మూత వేసిన పళ్లెం వంక చూసి, "హైమమ్మా, ఆ అంతస్తు వదిలెయ్యి" అని లేచారు.

మేడ పూర్తయ్యాక మొదటి సాయంత్రం వీధంతా గడపల్లోనే ఉంది. మానేసిన ఇళ్లవాళ్లు కూడా కూచున్నారు. స్తంభాల మధ్య చిన్న వెలుగు వచ్చింది. "వచ్చావా తల్లీ" అని సింహాద్రమ్మ గారు చేతులు జోడించి, కోడలి వైపు తిరిగి "ఆకలేస్తందే, వడ్డించు" అన్నారు. చూపుకి దారి విడిచిన ఆ మేడని వీధివాళ్లు ఆ రోజు నుంచే చూపువాకిలి అన్నారు.

ఇప్పుడు ఆవిడ లేరు. ఆవిడ ఇత్తడి పళ్లెం ఆ ఖాళీ అంతస్తులో ఉంది. రోజూ సాయంత్రం హబ్బులో పిల్లలు అందులో అన్నం పెట్టి మూత వేస్తారు. దీపం కనపడగానే మూత తీసి, వచ్చినవాళ్లందరికీ తలా ఒక ముద్ద ఇస్తారు. చెప్పులు కిందే విడవాలి. అక్కడ కుర్చీలు వెయ్యరు. ఆ రోజు నూనె మోసి కొండెక్కినాయనకి ముందుగా దండం పెట్టాలి, ఆయన పేరు అమ్మవారి పేరుతో పాటే చెబుతారు.

చేసిన యంత్రం తిరగని పిల్లలు, పరీక్ష పోయినవాళ్లు, సంబంధం తప్పిపోయినవాళ్లు అక్కడికొచ్చి కూచుంటారు. మబ్బు రోజు వచ్చినా వెనక్కి వెళ్లకండి. ఆ రోజు పళ్లెం మీద మూత తియ్యరు. పక్కన కూచున్నవాళ్లు మీ వైపు తిరిగి "రేపగుపిస్తాది" అంటారు. మీరూ మీ పక్కవాళ్లకి ఆ మాట చెప్పాలి. ఇక్కడ మొక్కంటే అదే.