తిండి ముట్టని పాముపిల్ల

అనగా అనగా, సముద్రాలు సరిగ్గా ఏడే ఉన్న రోజుల్లో, వేగవతీపురాన్ని చిత్రభానుడనే రాజు ఏలేవాడు. మంచి రాజే, కానీ నోరు ఊరుకోదు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి తనకు అన్నీ తెలుసని నమ్మకం. నడిపివాడికి ఏం చేసినా ఆర్భాటంగా చెయ్యాలని సరదా. చిన్నవాడు సుకేతుడికి ఏమీ తెలియదని ఊరందరి నమ్మకం.

ఒకరోజు ధూమ్రజటుడనే మాంత్రికుడు సభకు వచ్చి తనను రాజగురువును చెయ్యమని అడిగాడు. రాజు అతని జడలు చూసి పకపకా నవ్వి, ముందు తల దువ్వుకొని రమ్మన్నాడు. సభంతా నవ్వింది. మాంత్రికుడు మాత్రం నవ్వలేదు. చేతికర్ర నేలకేసి ఒక్క దెబ్బ కొట్టాడు. రాజు సింహాసనం మీదే కళ్లు మూసి ఒరిగిపోయాడు. కర్ర కొస నుంచి చిటికెన వేలంత పాముపిల్ల ఒకటి జారి కింద పడింది.

"మీ నాన్న ప్రాణం దీనిలో పెట్టాను," అన్నాడు మాంత్రికుడు రాకుమారులతో. "మావాళ్లు తమ ప్రాణం చిలకలో దాచుకుంటారు. ఎవడో రాకుమారుడు వచ్చి చిలక మెడ విరిచి పోతాడు. నాకా తెలివితక్కువ పని వద్దు. దీన్ని చంపడం కాదు, బతికించాలి మీరు. మండలం, అంటే నలభై రోజుల్లోగా ఇది తనంతట తాను ఒక్కసారి తింటే మీ నాన్న లేస్తాడు, నా విద్యలన్నీ నన్ను వదిలిపోతాయి. తినకపోతే నలభయ్యో రోజు పొద్దు గూకేసరికి ఇదీ పోతుంది, ఆయనా పోతాడు. రాజ్యం నాది."

ఆ మాట చెప్పి వెళ్లిపోయాడా? లేదు. విడిదింట్లో మకాం పెట్టి మూడు పూటలా సుష్టుగా తింటూ కూర్చున్నాడు.

పిడికెడు లేని పాముకు తిండి పెట్టడం కూడా ఒక పనేనా అనుకున్నారు అన్నదమ్ములు. ముందు పెద్దవాడు పూనుకున్నాడు. పాముకు పాలు పోసి పెంచినట్టు అని సామెత ఉండనే ఉంది కదా. వెండిగిన్నెలో ఆవుపాలు పెట్టించాడు. ఆ కబురు విని పట్నంలో ఆడవాళ్లంతా స్నానాలు చేసి, నాగులచవితికి పుట్టలో పోసినట్టే చెంబులతో పాలూ చలిమిడీ తెచ్చి పోశారు. పాముపిల్ల తడిసి ముద్దయింది, చుక్క తాగలేదు. ఎలా తాగుతుంది నాయనా? ఆ సామెత పుట్టించినవాడు ఏనాడూ పామును పెంచి ఉండడు. పదమూడు రోజులు అలా గడిచాయి. పాముపిల్ల చిక్కింది. మంచం మీద రాజు బుగ్గలు కూడా లోపలికి పోయాయి.

తరువాత నడిపివాడు వచ్చాడు. స్ఫటికపు పెట్టె చేయించి పాముపిల్లను కొలువుకూటం నడుమ బంగారు పీట మీద పెట్టించాడు. పక్కన సన్నాయి, డోలు. కప్పలు తెచ్చారు, గుడ్లు తెచ్చారు, పిట్టమాంసం తెచ్చారు. తింటుందో లేదో చూడటానికి జనం బారులు తీరారు. గంటకోసారి నడిపివాడు దాన్ని చేతిలోకి తీసుకొని మా తల్లివి కదూ, మా బంగారువి కదూ అని బతిమాలాడు. చివరికి విసుగెత్తి ఈనెపుల్లతో నోరు తెరిచి ముక్క కుక్కాడు. అది అంతా కక్కేసింది. ఇంకో పదమూడు రోజులు అలా గడిచాయి. రాజు చేతులు పుల్లల్లా అయ్యాయి, ఊపిరి ఆడుతోందో లేదో దూది పెట్టి చూడవలసి వస్తోంది.

మూడోసారి సుకేతుడి వంతు. తనకు ఏమీ తెలియదని, తెలిసినవాళ్లను అడిగి వస్తానని, అందాకా పామును ముట్టుకోవద్దని అన్నలకు చెప్పి బయలుదేరాడు.

ఊరి పొలిమేరలో ముంగిస ఎదురైంది. దాన్ని అడిగితే, "పాములు ఎలా తింటాయో నాకేం తెలుసు నాయనా? పాముల్ని ఎలా తినాలో అడుగు, చెబుతాను," అంది. అయినా మంచి ముంగిస, ఊరికే పంపలేదు. ఏడు సముద్రాల అవతల ధూమ్రజటుడి ఇంట్లో నూరు పాములున్నాయనీ, అవన్నీ బొద్దుగా ఉన్నాయనీ, తలుచుకుంటేనే తనకు నోరూరుతుందనీ చెప్పింది. అంటే అక్కడ వాటికి పెట్టేవాళ్లెవరో ఉన్నారన్నమాట.

రేవులో ముసలి తాబేలు కనిపించింది. తండ్రి కోసమని చెబితే అది వీపు చూపించింది. పూటకో సముద్రం చొప్పున ఏడు పూటల్లో ఏడు సముద్రాలూ దాటించింది.

మాంత్రికుడి ఇంటి వసారాలో పంజరం, పంజరంలో చిలుక. రాకుమారుడి చెయ్యి కదా, అలవాటు కొద్దీ పంజరంలోకి పోయింది.

"నా మెడ వదులు బాబూ," అంది చిలుక. "నాలో నా ప్రాణం ఒక్కటే ఉంది. నీకు కావలసిన మనిషి పెరట్లో ఉంది."

పెరట్లో ఒక అమ్మాయి సారె తిప్పుతూ కుండ చేస్తోంది. పేరు పున్నాగ, కుమ్మరుల పిల్ల. పాములు ఉండే కుండలు చేసి, వాటికి తిండి పెట్టడానికని మాంత్రికుడు ఆమెను ఊళ్లోంచి ఎత్తుకొచ్చి మూడేళ్లయింది. సుకేతుడు చెప్పిందంతా విని ఆమె మూడే మూడు ప్రశ్నలు వేసింది. ఎక్కడ ఉంచారని అడిగింది. కొలువులో, స్ఫటికపు పెట్టెలో అన్నాడు. ఎందరు చూస్తున్నారని అడిగింది. ఊరంతా అన్నాడు. రోజుకెన్నిసార్లు చేత్తో పట్టుకుంటున్నారని అడిగింది. గంటకోసారి అన్నాడు.

"కొత్త కోడలు విస్తరి ముందు కూర్చుంటే వీధి వీధంతా గుమ్మంలో నిలబడి చూస్తే మెతుకు దిగుతుందా రాకుమారా?" అంది పున్నాగ. "అది మొండికెయ్యడం లేదు, భయపడుతోంది. నన్ను ఇక్కడికి తెచ్చినప్పుడు నేనూ నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు."

సుకేతుడికి సిగ్గేసింది. ఆ పెట్టె ముందు తనూ రోజూ నిలబడి చూశాడు మరి. చెబితే చాలదనీ, అన్నలు అతని మాట వినరు కాబట్టి తనే వస్తాననీ పున్నాగ లేచింది. అంచు చిట్లిన చిన్న ఎర్రకుండ ఒకటి చంకన పెట్టుకుంది. చిలుకను పంజరంలోంచి వదిలి భుజం మీద ఎక్కించుకుంది. తాబేలు ఇద్దరినీ మోసుకొచ్చింది.

వాళ్లు చేరేసరికి గడువు ఇంకా అయిదు రోజులే ఉంది. పాముపిల్ల కళ్లు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడిపోయాయి. గుడ్డిదైపోయింది, ఇక ఆశ లేదని వైద్యులు చెప్పేశారు. మాంత్రికుడు కిరీటానికి తల కొలత చూసుకుంటున్నాడు.

"గుడ్డిది కాదు, కుబుసం విడవబోతోంది," అంది పున్నాగ. "విడిచేదాకా ఏం పెట్టినా తినదు. పెట్టకండి, ముట్టుకోకండి, చూడకండి."

వంటశాల వెనక, పొయ్యి గోడకు ఆనుకొని చిన్న గది ఉంది. గోడ ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటుంది. అక్కడ ఇసుక పోసింది, మూకుట్లో నీళ్లు పెట్టింది, కుండ బోర్లించింది. పాముపిల్ల చిట్లిన అంచు సందులోంచి గబగబా లోపలికి దూరిపోయింది. పున్నాగ తలుపు మూసింది. సుకేతుడు ఆ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు, ఎవరూ లోపలికి వెళ్లకుండా.

ఒకరోజు గడిచింది. పెద్దవాడు వచ్చి, అవతల నాన్న పోతుంటే చేతులు ముడుచుకొని కూర్చుంటావా అని తిట్టాడు. రెండోరోజు నడిపివాడు వచ్చి సన్నాయివాళ్లను పిలిపించమంటావా అని ఏడ్చాడు. మూడోరోజు మాంత్రికుడే తీరికగా వచ్చాడు.

"ఒక్కసారి తలుపు తీసి చూడవయ్యా," అన్నాడు. "ఈపాటికి చచ్చి ఉంటుంది."

సుకేతుడు లేచాడు. గడియ మీద చెయ్యి వేశాడు. లోపల చడీ చప్పుడూ లేదు. నిజంగా చచ్చిపోయి ఉంటే? తన మూర్ఖత్వం వల్లే తండ్రి పోతే? అంత భయం అతను పుట్టి ఎరగడు. నడిపన్న ముక్క కుక్కుతుంటే ఆ చిన్న ప్రాణి ఎలా వణికిందో గుర్తొచ్చింది. చెయ్యి తీసి మళ్లీ కూర్చున్నాడు. మాంత్రికుడి ముఖం కాస్త మాడింది.

నాలుగోరోజు నీళ్లు మార్చడానికి వెళ్లిన పున్నాగ ఉల్లిపొరలాంటి కుబుసం అరచేతిలో పెట్టుకొని బయటికి వచ్చింది. కళ్లు మిరియపు గింజల్లా ఉన్నాయంది. అందరూ పళ్లేలు పట్టుకొని పరుగెత్తుకొస్తే, ఇవాళ కూడా వద్దు, సర్దుకోనివ్వండి అని వెనక్కి పంపింది.

అయిదోరోజు. అదే నలభయ్యో రోజు. పెద్దవాడు పందికొక్కంత ఎలుకను పట్టుకొచ్చాడు. పున్నాగ దాన్ని పక్కన పెట్టి, ధాన్యపు కొట్టులో దొరికిన చిటికెన వేలి కొసంత ఎలుకపిల్లను తీసుకుంది. పాము నడుము కన్నా తిండి లావు ఉండకూడదట. ఈ కథలో ముంగిస మాట్లాడింది, తాబేలు మాట విన్నది, చిలుక మాట్లాడింది. ఎలుకపిల్ల మాత్రం మాట్లాడలేదు, మన అదృష్టం. దాన్ని కుండ అంచు దగ్గర ఉంచి, తలుపు చేరవేసి వచ్చేసింది.

అందరూ రాజు మంచం చుట్టూ చేరారు. ఎండ గోడ మీదికి ఎక్కింది. గోడ మీంచి కొండ మీదికి పోయింది. మాంత్రికుడు గుమ్మంలో నిలబడి ఆకాశం చూస్తున్నాడు. సూర్యుడి అంచు కొండకు తగిలింది. సగం దిగింది.

రాజు పెదవులు కదిలాయి.

"ఇంట్లో ఎవరూ వంట చెయ్యలేదా?" అన్నాడు. "ఆకలి దంచేస్తోంది."

పెద్దవాడు బావురుమన్నాడు. నడిపివాడు తనే వంటశాలకు పరుగెత్తి గంజి తెచ్చాడు, సగం దారిలోనే ఒలికింది. సుకేతుడు తండ్రి కాళ్లు పట్టుకొని, ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరంతా వదిలి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. రాజు అతని తల నిమిరి ఎందుకురా ఏడుస్తావు, నేనున్నాను కదా అన్నాడు. ఆ ఒక్క మాటతో సుకేతుడి గుండె మీది కొండ దిగిపోయింది.

మాంత్రికుడు కర్ర తిప్పి మాయమవబోయాడు. కర్ర కర్రగానే ఉంది, అతను అక్కడే ఉన్నాడు. చివరికి ఓడవాళ్లను బతిమాలి, తెడ్డు వేస్తానని ఒప్పుకొని ఊరు దాటాడు.

నెల తిరగకుండా రాజు మనిషిని పంపి పున్నాగ తల్లిదండ్రులను పిలిపించాడు. తప్పిపోయిన కూతురిని చూసుకొని వాళ్లు ఎంత సంబరపడ్డారో చెప్పలేను. ఆ సంబరంలోనే సుకేతుడికీ ఆమెకూ పెళ్లి జరిగింది. తరువాత అన్నలిద్దరూ కూడబలుక్కొని తమ్ముడినే పట్టం కట్టుకోమన్నారు. సుకేతుడూ పున్నాగా అరవై ఏళ్లు చల్లగా ఏలారు. నాకు తెలిసిన కథ ఇంతే, ఆ పైన జరిగిందంతా సుఖమే. సుఖంలో చెప్పడానికి ఏముంటుంది?